జతపరచడమైనది

నేను రాసినవాటిలో నాకే ముద్దొచ్చే వాక్యాలు మూడున్నాయి. మొదటి రెండూ ఎవరికీ గుర్తులేవు. మూడోది మాత్రం పదేళ్ళపాటు నన్ను భుజాన మోసుకు తిరిగింది.

2013 నవంబరులో పాడేరు పైనున్న ఒక కొండ ఊరికి వెళ్ళాను. తారు రోడ్డు ఆగిపోయిన చోటునుంచి ఐదు కిలోమీటర్ల నడక. మొత్తం 23 గడపలు. రెండు రాత్రులుండి దిగి వచ్చి, ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ‘దారి లేని ఊరు’ అని వ్యాసం రాశాను. వలిసె పూలు, మంచు, గెడ్డల చప్పుడు, పొయ్యి చుట్టూ చేరిన ముఖాలు, ఏవీ వదల్లేదు. అన్నీ కుదురుగా పేర్చి, చివర్లో ఇలా ముగించాను: “ఈ ఊరికి దారి లేదు. అదే దీని అదృష్టం. ఇక్కడి మనిషి దారి అడగడు. దారంటూ వస్తే తన కొండ తనతో మాట్లాడటం మానేస్తుందని అతనికి తెలుసు.”

మీరు నవ్వినా సరే, ఆ రోజుల్లో దానికి మంచి పేరొచ్చింది. ఉత్తరాలొచ్చాయి. ఒక రిటైర్డు మాస్టారు డైరీలో ఎత్తి రాసుకున్నానని ఫోన్ చేశారు. విశాఖలో ఒక సభలో వక్త ఎవరో నా పేరు చెప్పకుండానే ఆ వాక్యం వాడేసుకుంటే, పక్క కుర్చీ ఆయన్ని గిల్లి “అది నాదేనండీ” అని చెప్పుకున్నాను. మా ఆవిడ మాత్రం వ్యాసమంతా చదివి, “ఐదు కిలోమీటర్లు నడిచి గ్యాసుబండ ఎలా తెచ్చుకుంటారండీ?” అని అడిగింది. ఇంత కవిత్వం పెడితే కనపడింది గ్యాసుబండా అని విసుక్కున్నాను.

2023లో, బ్యాంకు ఉద్యోగంలోంచి రిటైరైన ఆర్నెల్లకి, అదే పత్రికనుంచి ఫోన్ వచ్చింది. ‘పదేళ్ళ తర్వాత మళ్ళీ’ అని శీర్షిక మొదలుపెడుతున్నారట. “ఆ ఊరికే వెళ్ళి రావాలి సార్. చివర్లో అలాంటి వాక్యం ఇంకొక్కటి పడాలి,” అన్నాడు సబ్‌ఎడిటరు కుర్రాడు. అలాంటి వాక్యం! ఆ మాటకి మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయాను.

విశాఖ నుంచి పాడేరు సుమారు 110 కిలోమీటర్లు. చోడవరం, మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవరు స్టీరింగు వదలకుండానే ఓ చేత్తో కళ్ళకద్దుకున్నాడు. వెనక ఎవరో ముసలమ్మ రూపాయి బిళ్ళ కిటికీలోంచి విసిరింది. పాడేరు ఇప్పుడు ఉత్త పాడేరు కాదు. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రం. బస్సు దిగేసరికి లాడ్జీల ముందు వరసగా కార్లు. అవన్నీ వంజంగి మబ్బులు చూడ్డానికి వచ్చినవి. తెల్లవారుజామున మూడింటికి లేచి, సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని కొండెక్కి, పాలు పొంగినట్టుండే మబ్బుల ముందు వీపు పెట్టి నిలబడి, తమ ముఖాలే ఫొటో తీసుకుని దిగుతారు. లంబసింగిది ఇంకో గోల. దానికి కొర్రబొయలు అని పాత పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని. పేరు పెట్టినవాడు చలికి జడిసి పెట్టాడు. మనం చలి కోసం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్తున్నాం. ఈ ముక్క బాగుందనిపించి అక్కడే, టీ బడ్డీ దగ్గర నిలబడి, నోటు పుస్తకంలో రాసుకున్నాను.

పాడేరు నుంచి జీపు. పది మందికి చేసిన జీపులో ఇరవై మందిమి, పైన నలుగురు, వెనక వేలాడుతూ ముగ్గురు. ఆ రోజు సంత. ఎదురొచ్చే జీపుల నిండా సంతకి దిగుతున్న ఆడవాళ్ళూ, వాళ్ళ కాళ్ళ దగ్గర కోళ్ళూ, అడ్డాకుల కట్టలూ, రాజ్మా మూటలూ.

తారు ఆగిన చోట ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయి. పాడేరులో నాకు తెలిసిన మాస్టారు ముందే కబురు పెట్టారు.

“మీరు నన్ను గుర్తుపట్టరు సార్. నేను పట్టీసినాను. అప్పుడు మీ కెమెరా సంచి నేనే మోసినాను.”

గుర్తొచ్చింది. పదేళ్ళ పిల్లాడు, ముక్కు తుడుచుకుంటూ నా ముందు పరిగెత్తినవాడు. ఇంకా బాగా గుర్తొచ్చింది వాళ్ళమ్మ వండిన సామన్నమూ నాటుకోడి కూరా. ఆవిడ అన్నం వడ్డించి, నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడి నా ముఖం చూసింది. వ్యాసంలో ఆవిడకి ఒక పేరాగ్రాఫ్ ఇచ్చాను.

“మీ అమ్మ ఎలా ఉందిరా? ఆ సామన్నం మళ్ళీ పెడుతుందా?”

“అమ్మ లేదు సార్.”

“సంతకెళ్ళిందా? రాత్రికి వచ్చేస్తుందిలే,” అన్నాను.

వాడు నా సంచి భుజానికెత్తుకుని ముందు నడిచాడు.

దారి అంటే మనిషి పాదం పట్టేంత బాట. మొదటి కిలోమీటరు పొలాల మధ్య. కొండ వాలుని మెట్లు మెట్లుగా కోసి కట్టిన మడుల్లో వరి కోతలయిపోయాయి. పైన గట్ల మీద వలిసెలు. మీరు అరకు వెళ్ళి ఉంటే చూసే ఉంటారు, అక్టోబరు నవంబరుల్లో కొండకి పసుపు రాసినట్టుంటుంది. నూనె తీయడానికి వేసే పంట అది, పువ్వు కోసం కాదు. ఇప్పుడు అరకు వైపు రోడ్డు పక్క చేలల్లో ఫొటోకి మనిషికింత అని రైతులు డబ్బు తీసుకుంటున్నారు. కొందరు నగరంవాళ్ళకి దానిమీద కోపం. నాకెందుకో లేదు. మనం తొక్కేది వాళ్ళ నూనెని.

“ఇక్కడ నువ్వెంత తీసుకుంటావు?” అని వేళాకోళమాడాను.

“ఇక్కడికెవరొస్తారు సార్!” అన్నాడు.

అక్కడినుంచి కాఫీ తోటలు. తోటలంటే మైదానంలో మామిడి తోటల్లాంటివి కావు. అడవే, లోపల కాఫీ ఉన్న అడవి. పైన సిల్వర్ ఓక్ చెట్లు సూటిగా స్తంభాల్లా లేచాయి, వాటిని పట్టుకుని మిరియం తీగ పాకింది, కింద నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. కాయలు అప్పుడే ఎరుపు తిరుగుతున్నాయి. ఈ కొండలకి కాఫీ పుట్టుకతో వచ్చింది కాదు. 1960లలో అటవీ శాఖ తోటలు వేసింది, ఆ తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఊరూరా మొక్కలిచ్చింది. పోడు కొట్టి చోళ్ళూ సామలూ చల్లుకున్న వాలులు నీడ తోటలయ్యాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇప్పుడు దాన్ని విదేశాల్లో అందమైన డబ్బాల్లో అమ్ముతున్నారు. వాడు ఒక పండు కోసి నా చేతిలో పెట్టాడు. పైన తొక్క తీస్తే జిగురుగా, తియ్యగా ఉంది.

“మంచి పంటే సార్. మోతే ఎక్కువ,” అన్నాడు.

“మోతా?”

“దించాలి కదా సార్, తారు దాకా. బస్తా తల మీద.”

ఆ దిగే బాటలో ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు తలమీద మూటలతో వస్తున్నారు. చేతులు వదిలేసి, మెడ నిటారుగా, రాళ్ళ మీద ఒక్క అడుగు కూడా తడబడకుండా. ‘ఈ నడకలో ఒక నాట్యం ఉంది’ అని రాసుకున్నాను. నాకేమో ఉత్త చేతులతోనే ఆయాసం. ఒక మలుపులో రాతి మీద కూలబడితే వాడూ కూర్చున్నాడు.

“రోడ్డెందుకు వేయలేదురా ఇంకా?” ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాను.

“జనం చాలరంట సార్. ప్రధానమంత్రి సడక్‌లో ఏజెన్సీకైతే 250 మంది ఉండాలంట. మేం 96.” కాసేపాగి నవ్వాడు. “మా బావ అంటాడు, అందరం తొందర తొందరగా పెళ్ళిళ్ళు చేసీసుకుంటే ఇరవయ్యేళ్ళకి రోడ్డొచ్చేస్తాది అని.”

నేను కూడా నవ్వాను. ఆ ముక్కా రాసుకున్నాను. రాసుకుంటుంటే వాడు నా పుస్తకం వైపు చూసి అన్నాడు:

“మీరు అప్పుడు రాసింది మా ఊళ్ళో ఉంది సార్. పెద్దాయన దాచినాడు.”

“నా వ్యాసమా?”

“ఔను సార్. పెట్లో పెట్టినాడు.”

పైన నడిచిన మూడు కిలోమీటర్లూ ఎలా నడిచానో నాకు తెలీదు. అవార్డులొచ్చిన మిత్రులు నాకున్నారు. వాళ్ళ పుస్తకాలు హైదరాబాదు గ్రంథాలయాల్లో చెదలు తింటున్నాయి. దారి లేని కొండ మీద, ట్రంకు పెట్టెలో, ఒక గిరిజన పెద్ద చేత దాచబడిన రచయిత ఎవడైనా ఉన్నాడా? మనసులో అప్పుడే వాక్యాలు కట్టడం మొదలైంది. ‘నా అక్షరాలు నాకంటే ముందే కొండెక్కి కూర్చున్నాయి.’ పర్లేదు. ఇంకా సాన పట్టాలి.

ఊరు మారలేదు. మొదట్లో చెట్టు కింద నిశాని దేవత రాళ్ళు, తర్వాత రెండు వరసల పెంకుటిళ్ళు, గోడలకి ఎర్రమట్టి పూత, పొడుగాటి అరుగులు. అరుగుల మీద రాజ్మా ఎండుతోంది. ఒక ఇంటి మీద డిష్ గొడుగు కొత్తగా మొలిచింది. కొండమీది ఊటనుంచి పైపులో నీళ్ళు వాటంతటవే దిగి కుళాయిలోకి వస్తున్నాయి. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. కుర్రాడి పిన్నిట అన్నం తిన్నాం. చోడి అంబలి, సామన్నం, చిక్కుడు గింజల కూర. సామన్నం బాగుంది గాని పదేళ్ళ కిందటి రుచి రాలేదు. ఆ మాట పైకే అన్నాను కూడా. పిన్ని తల తిప్పుకుని పొయ్యిలో కట్టె సర్దింది.

వాళ్ళ చూరు కింద రెండు తాళ్ళకి అడ్డంగా ఒక పొడుగాటి కర్ర వేలాడుతోంది. కిందటిసారీ చూశాను. మధ్యలో బరకగా ఉండి, రెండు కొసలూ అద్దంలా నునుపు. పాలిష్ పెట్టినా రాని నునుపు. అప్పటి వ్యాసంలో దాన్ని ‘చేతి కళ’ అని వర్ణించానని గుర్తు.

“ఇంత నున్నగా ఎలా చెక్కుతారు?”

“చెక్కింది కాదు సార్. డోలీ కర్ర. భుజాల మీద రాసుకుని రాసుకుని అలగైపోయింది.”

‘తరాల భుజాలు చెక్కిన శిల్పం’ అని రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

ఊరి నాయుడు, అంటే పెద్దాయన, చీకటి పడ్డాక వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. భుజాన గొంగడి, చేతిలో చుట్ట. “ఒచ్చినారా బాబూ” అని నా రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు. పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆయన మాటలు ఎక్కడెక్కడికో తిరిగి అటవీ హక్కుల చట్టం దగ్గరికి వచ్చాయి. 2006లో వచ్చిన చట్టం. ఊరికి బడీ, ఆస్పత్రీ, రోడ్డూ లాంటి పనికి ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి నేల ఇవ్వొచ్చట. హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదట. గ్రామసభ సరేననాలట. మేం లెక్కెట్టినాం బాబూ, అన్నాడు ఆయన, ఏ మలుపులో ఎన్ని చెట్లో మాకు తెలుసు. నేను తలూపుతూ ఆయన ముఖం మీద మంట వెలుగు ఎలా పడుతోందో చూస్తున్నాను. ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు. ఫొటో తీద్దామంటే ఫోన్లో చార్జింగు లేదు.

పెట్టెలో దాచిన నా వ్యాసం సంగతి ఆయనే ఎత్తుతాడని చూశాను. ఎత్తలేదు. పెద్దమనిషి కదా, వీడ్కోలప్పుడు చూపిస్తాడనుకున్నాను.

మర్నాడు చీకటుండగానే కుర్రాడు లేపాడు. “బండకాడికి రండి సార్, సూర్యుడొస్తాడు.” ఊరి వెనక పావుగంట ఎక్కితే ఒక పెద్ద చదును బండ. అక్కడికి మేం వెళ్ళేసరికే ఐదారుగురున్నారు. అందరూ తూర్పుకి తిరిగి, మఫ్లర్లు చుట్టుకుని, కదలకుండా. కింద లోయంతా తెల్లగా మూసుకుపోయి, కొండ కొసలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి. వంజంగిలో వేల మంది తోసుకుంటూ చూసే దృశ్యం ఇక్కడ ఆరుగురికి రోజూ ఉచితం. రోజూ పొద్దున్నే లేచి సూర్యుడికి ఎదురెళ్ళే ఊరు! గుండె నిండిపోయింది.

“రోజూ వస్తారా వీళ్ళు?”

“పనుంటే వస్తారు సార్. సిగ్నలు ఇక్కడే దొరుకుతాది. అటు తిరిగితే రెండు గీతలు, ఇటు తిరిగితే నేదు.”

అప్పుడు చూశాను, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒకాయన చోడవరంలో పనికెళ్ళిన కొడుకుతో మాట్లాడుతున్నాడు. ఒకామె పింఛను డబ్బుల గురించి ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. చివర్న నిలబడ్డవాడు మాత్రం నంబరు నొక్కుతూ, దింపుతూ, మళ్ళీ నొక్కుతూ ఉన్నాడు.

“108కి సార్. వాళ్ళ చెల్లికి నెలలు నిండినాయి. రేపో మాపో అని ముందే చెప్తన్నాడు.”

“ఇక్కడికి వస్తుందా అంబులెన్సు?”

“వస్తాది సార్. తారు ఆగిన కాడికి.”

నేను రాత్రి చార్జింగు పెట్టుకున్న ఫోన్ పైకెత్తి మా ఆవిడకి మబ్బుల ఫొటోలు పంపాను. పదకొండు వెళ్ళాయి. పన్నెండోది తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది.

ఆ పగలంతా కొండ శిఖరం మీదే గడిపాం. వాడికి ప్రతి రాయీ తెలుసు. ఇక్కడ కొండచీపురు గడ్డి, ఇదిగో పిప్పలి తీగ, ఇది జీలుగు చెట్టు, వేసవికి కల్లు గీస్తారు, అది పోయినేడు ఎలుగు వచ్చిన చోటు. శిఖరాన నిలబడితే ఒక పక్క వాలులో పడ్డ వాన మాచ్‌ఖండ్ వైపు పోతుంది, ఇంకో పక్క పడ్డది మాడుగుల కొండల్లోంచి శారద నదిలోకి. శారద మీద రైవాడ రిజర్వాయరుంది. మా విశాఖ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళల్లో రైవాడవీ ఉన్నాయి. ఆ మాట చెప్తే వాడు ఆశ్చర్యపోతాడనుకున్నాను.

“తెలుసు సార్, ఇంటర్లో మా లెక్చరర్ చెప్పినారు. నీళ్ళకేటి, దిగిపోతాయి. ఎక్కడమే కష్టం.”

దూరంగా నీలంగా ఒక కొస చూపించాను. తూర్పు కనుమల్లో ఎత్తయినది మహేంద్రగిరి, 1,501 మీటర్లు అని మా చిన్నప్పుడు వల్లె వేశాం, అన్నాను. “కాదు సార్, మన జిల్లాలోనే జిందగడ ఉంది, 1,690,” అన్నాడు మర్యాదగా. ఇన్నేళ్ళుగా తప్పు కొండ మోస్తున్నానన్నమాట. దిగేటప్పుడు ఒక గెడ్డ దాటాం. ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండదట. రెండు దుంగలు అడ్డంగా వేసి ఉన్నాయి. దుంగల దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు మాటాపేశాడు. అటు దాటాక కూడా చాలాసేపు మాట్లాడలేదు. అలిసిపోయాడనుకున్నాను.

రాత్రి భోజనాలయ్యాక పెద్దాయన వచ్చాడు. వెనక ఎవరో ట్రంకు పెట్టె మోసుకొచ్చారు. ఒక్కొక్కరే జనం చేరి అరుగు నిండిపోయింది. నాకు అర్థమైంది. కండువా కప్పినా కప్పకపోయినా ఇది సన్మానమే. గొంతు సవరించుకుని కూర్చున్నాను.

ఆయన పెట్టె తీసి, బట్టల కిందనుంచి యూరియా బస్తాలో ఉండే ప్లాస్టిక్ సంచీ ఒకటి తీశాడు. ముడి విప్పాడు. అందులోంచి ఒక కాయితం.

నా వ్యాసమే. జిరాక్సు కాపీ. బొమ్మ నల్లగా వచ్చింది గాని అక్షరాలు స్పష్టం. చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో తిన్నగా, స్కేలు పెట్టి గీసిన గీత. కళ్ళు చెమ్మగిల్లాయంటే నమ్మండి. ఈ కొండ మీద నా వాక్యం విలువ తెలిసినవాడొకడున్నాడు!

“ఎవరు గీశారు పెద్దాయనా ఈ గీత?”

“మాం గీయలేదు బాబూ. అలగే వచ్చినాది.”

వచ్చిందా? కాయితాన్ని పొయ్యి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. ఎడమ మూల పిన్ను గుచ్చిన తుప్పు మచ్చ. కుడి మూల ‘పుట-4’ అని చేతిరాత. కింద గుండ్రటి ముద్ర.

“దానికి ముందున్నది కూడా సూడండి,” అన్నాడాయన.

ముందున్నది టైపు కొట్టిన ఉత్తరం. 2016 నాటిది. ఏ ఆఫీసుదో ఇక్కడ చెప్పను. బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు అలాంటి భాషలోనే బతికినవాణ్ణి, ఒక్కసారి చదివితే చాలు. సదరు గ్రామస్థులు జనాభా నిబంధన సడలించి రహదారి మంజూరు చేయవలసినదిగా కోరుచూ సమర్పించుకున్న అర్జీ పరిశీలించడమైనది. అయితే సదరు గ్రామం గూర్చి పత్రికలో ప్రచురితమైన కథనం ప్రకారం గ్రామస్థులు రహదారిని కోరుకొనుట లేదని తెలియుచున్నది. కావున సడలింపు ప్రతిపాదన పరిశీలనార్హము కాదు. కథనం నకలు జతపరచడమైనది.

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు కూడా.

సంచీలో ఇంకో కాయితం ఉంది. రూళ్ళ కాయితం మీద, పద్నాలుగేళ్ళ పిల్లాడి గుండ్రటి దస్తూరీ. మళ్ళీ అర్జీ. 2017 ఆగస్టు. వానలకి గెడ్డ పొంగి ఉన్నందున, డోలీ దాటించుటకు వీలు లేక, రాత్రంతా ఇవతలి గట్టునే ఉంచవలసి వచ్చినందున, తెల్లవారుజామున... ఆ తర్వాత ఒక ఆడమనిషి పేరు. ఇంటిపేరు చూసి, కింద సంతకం చూశాను. ఆ పేరు పైన ఒక పేరాగ్రాఫ్ రాసినవాణ్ణే, గుర్తుపట్టడానికి అంతసేపు పట్టింది. దీనికి జవాబు జతపరచి లేదు.

కుర్రాడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల పైన ఆ కర్ర. నేను వాడి వైపు చూడలేకపోయాను. రాత్రికి వచ్చేస్తుందిలే, అన్నాను నేను, నిన్న.

“నేను... ఆ ఉద్దేశంతో రాసింది కాదు పెద్దాయనా,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“అయ్యో, మీకేటి బాబూ, శానా బాగా రాసినారు. ఆ పిల్లోడు సదివి ఇనిపిస్తే మాకే ముచ్చటేసినాది, మా ఊరింత బాగుంటాదా అని.” ఆయన కాయితాలు ఒక్కొక్కటే మడతల మీదే మడిచి సంచీలో పెట్టాడు. “మళ్ళీ రాయడానికే ఒచ్చినారంట గదా?”

“అవును.”

ఆయన సంచీ ముడి వేశాడు. పెట్టె మూత వేయకుండా, ముందుకు వంగి, ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

“అలగైతే ఒక్క సాయం సెయ్యండి బాబూ. ఈపాలి మా ఊరు బాగోనేదని రాయండి.”